తద్దినం పెట్టినా పోని టెలిగ్రాఫ్ చట్టం

రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు, 400 కేవీ లైను దారిలో రెండెకరాల మాగాణి ఉన్న చిన్న రైతు చేసుకొను విన్నపం.

అయ్యా, మొన్న మా గట్టు మీద సున్నం గుర్తులేసి, నాలుగు మేకులు దిగ్గొట్టి పోయారు. ఇదేమిటంటే, "అప్రూవల్ వచ్చేసింది పెద్దాయనా" అన్నారు.

నోటీసు లేదని నేననను. లైసెన్సు అడిగే కంపెనీ ప్రకటన ఇవ్వాలనీ, 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చనీ 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది. ఆ ప్రకటనలో సబ్‌స్టేషన్ల పేర్లున్నాయి, మా సర్వే నంబరు లేదు. ఇక విచారణంతా ఖర్చెంత, ఛార్జీ ఎంత అన్న దాని మీదే. ఆ ఖర్చూ చివరికి మా ఇంటి బిల్లులోకే వస్తుంది లెండి.

అసలు పెత్తనం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టానిది. విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే చాలు, తంతివారి అధికారాలు లైను వేసేవారికి దఖలు పడతాయి. భూమి కొననక్కర్లేదు, మా సమ్మతీ అక్కర్లేదు. అడ్డుపడితే కలెక్టరు, పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి. టెలిగ్రాం 2013 జులైలోనే పోయింది. 2023 టెలికాం చట్టం ఆ పాత చట్టాన్ని రద్దు చేస్తూనే, కరెంటు లైన్ల కోసం దాని మూడో భాగాన్ని పదిలంగా దాచింది. తద్దినం పెట్టాక కూడా ఆ ముసలాయన మా పొలంలోనే తిరుగుతున్నాడు.

టవరు కింది నేలకు భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం ఇమ్మని 2024 జూన్‌లో కేంద్రం చెప్పింది. 2015లో చెప్పింది 85, 15 శాతాలే కాబట్టి ఇది మెరుగే. కానీ ఆ విలువ రిజిస్ట్రేషన్ ఆఫీసుదా, ఊళ్లో పలికేదా? తగాదా అక్కడే. ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, కొబ్బరి మొక్క నాటరాదు. పక్కూళ్లో చూశాం: మంచు పడ్డ రాత్రి తీగలు గుయ్యిమంటాయి, కింద ట్యూబులైటు పట్టుకుంటే దానంతటది మినుకుమంటుంది. దయచేసి దానికి టారిఫ్ వేయకండి.

లైనే వద్దనే మూర్ఖుణ్ణి కాను. అనంతపురం, కర్నూలు ఎండలో పుట్టే కరెంటు ఊరు దాటాలంటే తీగ ఉండాల్సిందే. అడిగేది ఒక్కటే: ఆమోదానికి ముందే సర్వే నంబర్లతో సహా లైను నక్షా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమనండి. ఒక విచారణ మండల కేంద్రంలో పెట్టించండి. 30 రోజుల గడువు నక్షా అంటించిన రోజు నుంచే లెక్కకట్టండి.

ఇట్లు,
మేకుల మధ్య రైతు