ఆటోపే సందేశానికి బాన్సువాడ టీక

అవతారిక

మంజీర నది ఎగువన, మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథ సూరి స్వగ్రామం. కాళిదాసు కావ్యపాఠం నేటికీ ఆయన వ్యాఖ్య లేకుండా సాగదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. అదే మంజీర ఒడ్డున బాన్సువాడలో తెలుగు పండితుడిగా రిటైరైన నాకు మేఘసందేశం దక్కలేదు, బ్యాంకు సందేశం దక్కింది. సూరిగారి నియమం నేను నిలుపుకోలేను. ఈ మూలంలో లేని మాటలోనే సంగతంతా ఉంది.

మొన్న పొద్దున మా వాడకట్టు పెద్దమ్మ ఫోను పట్టుకొని అరుగెక్కింది. "సారూ, గిదేందో సదివి చెప్పు. నెలనెలా పైసలు కట్టయితున్నయి" అన్నది. వడ్ల పైసలు పడ్డ ఖాతా అది.

మూలము

"డియర్ కస్టమర్, యువర్ అకౌంట్ విల్ బి డెబిటెడ్ విత్ రూ. 299 టుమారో టువర్డ్స్ ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ ఫర్ ఆటోపే. మెయింటైన్ సఫిషియెంట్ బ్యాలెన్స్."

ఛందస్సు: గణాలు లేవు, ప్రాస లేదు. యతి అసలే లేదు, ఊపిరి తీసుకునేలోగా సొమ్ము పోతుంది.

ప్రతిపదార్థము

డియర్ కస్టమర్ = ఓ ప్రియమైన ఖాతాదారుడా (స్త్రీలకును ఇదే సంబోధన); యువర్ అకౌంట్ = నీదే అయిన ఖాతానుండి; టుమారో = రేపు, అనగా నీవు కొడుకును అడిగి తెలుసుకొనులోపల; రూ. 299 = మూడు వందలు అనిపించకుండుటకై ఒక రూపాయి తగ్గించిన మూడు వందలు; ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ = నీవు ఎన్నడును వినని పేరు గలవారికి; విల్ బి డెబిటెడ్ = తీసికొనబడును; మెయింటైన్ సఫిషియెంట్ బ్యాలెన్స్ = వారు వచ్చువేళకు సొమ్ము సిద్ధముగా నుంచుము.

వ్యాఖ్య

"తీసికొనబడును" అనేది కర్మణి ప్రయోగం. ముప్పై ఏళ్ళు బళ్ళో చెప్పాను, తెలుగుకు ఈ ప్రయోగం అంతగా నప్పదని. ఇక్కడ మాత్రం అచ్చంగా నప్పింది. తీసుకునేదెవరు? వాక్యంలో కర్త లేడు. క్రియ దానంతట అదే జరిగిపోతుంది. కర్మ ఒక్కటే మిగిలింది, అది పెద్దమ్మది.

"ఆటోపే" అనే సమాసం దగ్గర మతభేదం ఉంది. ఆటో కొరకు పే, చతుర్థీ తత్పురుష అని పెద్దమ్మ మతం. "ఆటో ఎక్కితే చేతికే ఇస్త. బస్సుల ఆధార్ కార్డు సూపిచ్చి ఉత్తగనే పోయొస్త. ఇగ గీ ఆటో పైసలేంది?" అన్నది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్టుకు పైసలు లేవు గనుక ఆమె వాదానికి బలముంది. తనంతట తానే జరిగే చెల్లింపు అని నవీనుల మతం. నాకు పెద్దమ్మ అర్థమే నచ్చింది. ఆటోవాడు కనీసం మనం ఎక్కితేనే అడుగుతాడు.

శంక: తాను ఒప్పుకోకుండా పైసలు ఎట్లా పోతాయి?

సమాధానం: ఒప్పుకున్నది. మనుమడు ఏదో సీరియల్ చూస్తానంటే "ఒక్క రూపాయే గదా అని పిన్ను కొట్టిన" అని తానే చెప్పింది. ఆ రూపాయి తెర మీద చింతగింజంత అక్షరాల్లో ఉంటుంది. దాని కింద ఆవగింజంత అక్షరాల్లో "ఆ తర్వాత నెలకు" అనే వాక్యం ఉంటుంది. పిన్ను రెంటికీ ఒకటే. నిజాంసాగర్ కాలువ మీద తూము ఎత్తినవాడు ఎత్తి పోయినట్టు, మొదటిసారి కొట్టిన పిన్నుతో తర్వాతి నెలలన్నీ పారుతూనే ఉంటాయి. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. ఆటోపే శాస్త్రంలో అది పూర్ణాంగీకారం.

ప్రమాణము

2019 ఆగస్టు 21న రిజర్వు బ్యాంకు కార్డుల మీద పదేపదే జరిగే చెల్లింపులకు నియమాలు రాసింది. మరుసటేడు అవే యూపీఐకీ వర్తించాయి. మళ్ళీ పిన్ను అడగకుండా తీసుకునే మొత్తానికి మొదట 2,000 రూపాయల హద్దు ఉండేది. అది 5,000 అయి, 2022 జూన్ నుంచి 15,000 అయింది. 2021 అక్టోబరు 1న ఈ నియమాలు గట్టిగా అమల్లోకి వచ్చినప్పుడు చాలామందికి సినిమా యాపుల చెల్లింపులు ఆ నెల ఆగిపోయాయి. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు కబురు పెట్టాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది అందులో ఉండాలి. వద్దనే వీలు ఇవ్వాలి. నేను రెండుసార్లు చదువుకున్న సంగతి మరొకటుంది: ఆ కబురు స్పష్టంగా, అర్థమయ్యే రూపంలో ఉండాలి.

పెద్దమ్మకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. మూలం ఏ భాషలో ఉందో పైన చూశారు. "బ్యాలెన్స్ ఉంచుకో" అనడానికి చోటు దొరికింది గానీ "వద్దంటే ఇక్కడ నొక్కు" అనడానికి దొరకలేదు. నేను పరీక్ష పేపరు దిద్దేవాణ్ణయితే దీనికి సున్నా వేసేవాణ్ణి.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల ఆన్‌లైన్ మాయలను పేరుపేరునా రాసి నిషేధించింది. అందులో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" ఒకటి. చేరడం తేలిక చేసి మానుకోవడం కష్టం చేయడం, ఉచితమంటూనే ఆటోపే రాయించుకోవడం దాని కిందికే వస్తాయి.

ప్రయోగము

యాపు తీసేసినా ఆటోపే పోదు. మనుమడు ఎప్పుడో తీసేశాడు, పైసలు మాత్రం పోతూనే ఉన్నాయి. అందుకని పైసలు పంపే యాపే తెరిచి, పైన మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కి, కిందికి జరుపుకుంటూ "ఆటోపే" అన్న వరుస దాకా పోయాం. రద్దు చేయడానికీ పిన్ను అడిగింది. పెద్దమ్మ ఫోను కవరు ఊడదీసింది. లోపల క్యాలెండరు చింపిన ముక్క మీద నాలుగంకెలు రాసి ఉన్నాయి. (కోప్పడ్డాను. ముక్క చింపేసింది. సాయంత్రానికి మళ్ళీ రాసుకొనే ఉంటుంది.)

తాత్పర్యము

ఓ పెద్దమ్మా, రేపు నీ పైసలు పోతున్నాయి, వద్దంటే ఈ రోజే వద్దను.

మూలకర్త ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నా టీకతో పని లేదు. పోయిన పైసలకు ముందు బ్యాంకులో, ఆ కంపెనీ దగ్గర ఫిర్యాదు రాయించాలి. అక్కడ వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నెలకు 299 చొప్పున మూడు నెలల్లో 897 రూపాయలు పోయాయని చీటీ రాసిచ్చాను.

ఆ వరుసలో రెండో ఆటోపే కూడా ఒకటి కనబడింది. "గరిష్ఠంగా రూ. 5,000, ఎప్పుడు అడిగితే అప్పుడు" అని ఉంది. దాన్నీ రద్దు చేశాం. అది ఎవరిదో పెద్దమ్మకూ తెలియదు, మనుమడికీ తెలియదు.