పర్చేజ్ బాబాయి

గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా, ఒక్క తుమ్మైనా తుమ్మకుండా టిక్కీ బస్తాల మధ్య తిరిగే మనిషి కనబడితే, ఆయన ఏదో ఒక కారం మిల్లు పర్చేజ్ బాబాయి అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ ఘాటుకి కళ్లు మూసుకోవడం ఎలాగూ తప్పదు. ఇదే మనిషి ఇంట్లో తాలింపులో రెండు ఎండుమిరపకాయలు పడితే మాత్రం వీధి అరుగు మీదికొచ్చి తుమ్ముతాడని పిన్ని ఫిర్యాదు.

అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. ఓనరు దగ్గర్నుంచి హమాలీ ముఠా దాకా అందరికీ ఈయన బాబాయే. చొక్కా జేబులో రెండు ఫోన్లు, చంకలో పొడుగాటి నోటు పుస్తకం. టీ కొట్టు దగ్గర చిల్లర కోసం ప్యాంటు జేబులో చెయ్యి పెడితే పది రూపాయల బిళ్లతో పాటు మూడు తేజ మిరపకాయలు బయటికొస్తాయి.

కాయ కొనేటప్పుడు టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునున్నది లాగుతాడు. పైన ఉండేది చూపించే కాయ, అడుగున ఉండేది అమ్మే కాయ అని ఆయన నమ్మకం. చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఆరినట్టు, మూగగా ఉంటే తేమ ఉన్నట్టు. తుంచి వాసన చూసి పెదవి విరుస్తాడు. సరుకు బాగా లేకపోయినా విరుస్తాడు, బాగుంటే ఇంకొంచెం ఎక్కువ విరుస్తాడు.

కారానికి తేజ, రంగుకి బ్యాడిగి, ఆ రెంటికీ మధ్య మన సన్నం. వాన పడినా, తెగులొచ్చినా, తాలుకాయ ఎక్కువైనా ప్యాకెట్లో పొడి మాత్రం ఏడాది పొడవునా ఒకే ఎరుపు, ఒకే ఘాటు ఉండాలి. ఈ కలపడమనే విద్య ఆయనకు గణపవరం వైపు స్పిన్నింగు మిల్లులో పనిచేసినప్పుడు అబ్బింది. నాలుగు జిన్నింగు మిల్లుల నుంచి వచ్చిన 170 కిలోల బేళ్లు వరసగా పేర్చి, తలాకాస్త తీసి కలిపితే గానీ నూలు ఒక తీరున రాదు. అక్కడ తగువంతా తేమ దగ్గరే. పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే పత్తి వెనక్కి. "అక్కడ నీళ్లకి డబ్బులిచ్చాం, ఇక్కడ తాలుకి ఇస్తున్నాం. సరుక్కి ఎప్పుడిస్తామో!" అంటాడు.

ఆయన పుస్తకంలో ప్రతి పేజీకీ మూడు గళ్లు. చేతిలో సరుకు, దారిలో సరుకు, మాటలో సరుకు. ఈ పనికి సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్ అని 1982లో కీత్ ఆలివర్ అనే కన్సల్టెంటు పేరు పెట్టాడట. పెట్టనివ్వండి. గోడౌన్లో ఉన్నది, లారీలో ఉన్నది, నోట్లో ఉన్నది వేరువేరని తెలిస్తే ఆ చదువులో సగం అయిపోయినట్టే. మిగతా సగం, నోట్లో ఉన్నదాంట్లోంచి ఎంత తీసెయ్యాలో తెలియడం. అక్కడ బాబాయిని మించినవాడు లేడు.

కర్ణాటక నుంచి బ్యాడిగి లారీ వస్తుంటుంది. డ్రైవరు ఫోన్లో "వినుకొండ దాటాం" అంటాడు. బాబాయి మార్కాపురం అని రాసుకుంటాడు. "మార్కాపురం" అంటే గిద్దలూరు. "నంద్యాల" అంటే హుబ్లీ దగ్గర భోజనం. "ఇప్పుడే బయలుదేరాం" అంటే బండి ఇంకా కాటా ఎక్కలేదు. ఓనరుగారబ్బాయి లారీలకి జీపీఎస్ పెట్టించినప్పుడు బాబాయి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సెల్లులో చుక్క కంభం దగ్గర ఆగిపోయి కదలడం లేదని చిన్నబాబు కంగారు పడుతుంటే, "డ్రైవరుకి అక్కడ అత్తారిల్లు. ఆదివారం కదా, కోడికూర. నాలుగింటికి కదుల్తాడు" అన్నాడు. నాలుగుంపావుకి కదిలింది.

ఆ చిన్నబాబే ఒకసారి, టొయోటా వాళ్లు నిల్వలు పెట్టుకోరు, ఎప్పటికప్పుడు తెప్పించుకుంటారు, మనకీ కోల్డ్ స్టోరేజీ అద్దె దండగ అన్నాడు. "టొయోటాకి సరుకిచ్చేవాళ్లకి వేసవి సెలవులున్నాయా బాబూ?" అని అడిగాడు బాబాయి. మే నెల ఎండల్లో యార్డుకి నెలరోజుల దాకా సెలవులు. సరిగ్గా ఊళ్లన్నీ ఆవకాయ పెట్టే కాలం. అప్పుడు మరలో పడేది చలిగదిలో రంగు చెడకుండా దాచిన ఏసీ సరుకే.

ఆవకాయ రోజులు ఆయనకు పరీక్షలు. ఒంగోలులో కొట్టాయన నిరుడు పది బస్తాలు అమ్మాడు. ఎందుకైనా మంచిదని పదిహేను రాస్తాడు. డిస్ట్రిబ్యూటరు దానికి తన 'ఎందుకైనా మంచిది' చేర్చి పాతిక చేస్తాడు. సేల్స్ కుర్రాడికి టార్గెట్ ఉంది, నలభై అంటాడు. నలభైని బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని చూసి, పన్నెండు అని రాసుకుంటాడు. "మామిడికాయలు పెరక్కుండా కారం ఎవడు తింటాడ్రా?" ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ వాళ్లు ఇదే సంగతి పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో కనిపెట్టి ముక్కున వేలేసుకున్నారు. పిల్లలు తడపడం ఏడాదంతా ఒకటే లెక్క, ఆర్డర్లు మాత్రం పైకి పోయేకొద్దీ ఎగిరెగిరి పడుతున్నాయి. వాళ్ల సేల్స్ కుర్రాడికీ టార్గెట్ ఉండే ఉంటుంది.

ఇంత తెలిసిన మనిషి బోల్తా పడేది చిన్నవాటి దగ్గర. ఒక ఏప్రిల్లో కాయ ఉంది, కరెంటు ఉంది, కూలీలున్నారు, కవరు రోల్ రాలేదు. గుట్టలకొద్దీ కారం, పోయడానికి సంచి లేదు. హైదరాబాద్ ప్రింటింగ్ వాడు "అచ్చవుతోంది బాబాయ్" అన్నాడు. ఆ మాటలోంచి ఎంత తీసెయ్యాలో పుస్తకంలో లేదు.

సరుకు విషయంలో అందరి అబద్ధాలూ పట్టే బాబాయి, డబ్బు విషయంలో తానే ఆ లారీ డ్రైవరు. కమీషన్ వ్యాపారి బాకీ అడిగితే "చెక్కు రాసేశాం, సంతకానికి వెళ్లింది" అంటాడు. అవతలివాడికీ లెక్క తెలుసు. సంతకానికి వెళ్లిందంటే చెక్కు పుస్తకం ఇంకా బీరువాలో ఉన్నట్టు.

ఈ వరసలో 'ఎందుకైనా మంచిది' లేనివాడు ఒక్కడే, కాయ పండించినవాడు. అంతకు రెండేళ్ల ముందు క్వింటాలు 20,000 దాటిన తేజ 2025 మొదట్లో పడిపోయి, కేంద్రం 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఓనరు "ఆగు, ఇంకా దిగుతుంది" అన్నాడు. బాబాయి ఆగాడు, జీతగాడు కదా. ఆ సీజనంతా మాత్రం కాయ చూసి పెదవి విరవలేదని హమాలీలు చెప్పారు.

ఈమధ్య కూతురి పెళ్లి చేశాడు. మగపెళ్లివారిది చీరాల. పొద్దున ఆరున్నరకి ఫోను. "బావగారూ, పొన్నూరు దాటేశాం!"

వంట మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు, పూరీలకి నూనె పెట్టమంటారా అని. బాబాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "బాపట్లలో టీ తాగుతున్నార్రా. పొయ్యి వెలిగించకు, పిండి కూడా ఇప్పుడే ఒత్తకు."

తర్వాత చెయ్యి తీసి, గొంతులో తేనె కలిపి, "త్వరగా రండి బావగారూ, పూరీలు పళ్లేల్లో వడ్డించేశాం, చల్లారిపోతున్నాయి!"