ముందు నడిచే కాపరి

పరదరామిలో ఆ ఆదివారం వాక్యం 23వ కీర్తన మీద. పాస్టరుగారు గుడియాత్తం నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, రెండు భాషల్లోనూ దంచేశారు. ఊరు తమిళనాడుది, నోరు తెలుగుది. పాట తమిళంలో ఎత్తుకుని ప్రార్థన తెలుగులో ముగించినా ఇక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. చిత్తూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన నేను కూడా వెనక చాపమీద కూచుని విన్నాను.

మనిషి మంచి మాటకారి. దేవుడు దారి చూపిస్తాడని చెప్పడానికి దూరం పోలేదు, వేలూరు పెద్దాసుపత్రినే పట్టుకున్నారు. మిషనరీల ఇంట పుట్టి, చచ్చినా మిషనరీని కానని భీష్మించుకున్న ఐడా స్కడ్డర్ కథ. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా ఇంటామెకి కాన్పు కష్టమైంది, నువ్వు రామ్మా అని అడిగారు. నాకు వైద్యం రాదు, మా నాన్న డాక్టరు, ఆయన్ని తీసుకెళ్లండి అంటే, పరాయి మగవాణ్ణి లోపలికి ఎట్లా రానిస్తామని వెనుదిరిగారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ లేరు. ఆ పిల్ల అమెరికా వెళ్లి 1899లో డాక్టరై, 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది.

"దారంతా ముందే కనబడుంటే ఆమె బయల్దేరేదా? కాపరి ముందు నడిచాడు, ఆమె నమ్మి వెనక నడిచింది. అంతే!" అన్నారు పాస్టరుగారు. ఆమెన్‌తో రేకులు అదిరాయి. ఆ ఒక్క మంచమే పెరిగి పెద్దాసుపత్రి అయిన సీఎంసీ గుమ్మం తొక్కని కుటుంబం ఈ చుట్టుపక్కల అరుదు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా పాతబడదు.

ఆ ఊపులోనే యోహాను సువార్త 10వ అధ్యాయంలోకి దూకారు. మంచి కాపరి ముందు నడుస్తాడు, గొర్రెలు గొంతు గుర్తుపట్టి వెంబడిస్తాయి. ఇక్కడొక పిట్టకథ. యెరూషలేము చూడబోయినవాళ్లకి ఒకడు గొర్రెల్ని వెనకనుంచి అదిలిస్తూ కనబడ్డాడట. ఇదేం కాపరయ్యా అని వెంట ఉన్న గైడుని అడిగితే, వాడు కాపరి కాదండీ, కసాయి అన్నాడట. ప్రసంగాల్లో అరిగిపోయిన కథే. అయినా అందరూ గొల్లుమన్నారు. నవ్వనివాళ్లంటూ ఉంటే గొర్రెలు కాసేవాళ్లే ఉండాలి, వాళ్లు ఆ వేళకి గుడిలో ఉండరు. గొర్రెలకి ఆదివారం సెలవు లేదు. బేత్లెహేము కాపరులకైనా దేవదూత పొలంలోకి వెళ్లే చెప్పాల్సివచ్చింది కదా.

ఆరాధనయ్యాక పాస్టరుగారు నన్ను బస్సుదాకా దింపుతానని బండి ఎక్కించుకున్నారు. ఊరు దాటీదాటగానే రోడ్డుకడ్డంగా మంద. ముందు మెడలో గంట కట్టిన పొట్టేలు, వెనక యాభై అరవై గొర్రెలు, అన్నిటికంటే వెనక ఒక ముసలాయన. భుజాన దోటి, తలకి తువ్వాలు, చంకలో ఇంకా బొడ్డు ఎండని గొర్రెపిల్ల. ఎడమకాలు ఈడ్చి నడుస్తున్నాడు. ఆయన పక్కనే ఒక గొర్రె, అదీ కుంటుతోంది.

పాస్టరుగారికి ప్రసంగం వేడి ఇంకా తగ్గలేదు. బండి ఆపి, "ఏం పెద్దాయనా, కాపరన్నోడు ముందర నడవాల గానీ ఎనకొస్తా ఉండావే?" అన్నారు, నావైపు కన్నుగీటి.

ముసలాయన దోటి ఆనించుకుని నిలబడ్డాడు. "ముందర పోతే దారి కనబడతాదయ్యా, మంద కనబడదు. ఈనే గొర్రె యాడో కంపచెట్టు కింద నిలబడిపోతాది. పిల్ల గుంతలో పడతాది. కుంటిది ఎనకబడతాది. జరిగేదంతా ఎనకనే గదా. దారికి ఆ పొట్టేలు చాలు."

"మరి యేసుప్రభువు ముందర నడుస్తాడని రాసుండాదే!"

"ఆయన దేవుడు సామీ, ఎనక గూడా కనబడతాది. ఆయన ముందర పోతా ఉంటే కండ్లు మూసుకోని పోవచ్చు. మనకి కండ్లు ఒగపక్కనే గదా ఉండేది." పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు. "దావీదు గూడా నా మాదిరే. దేవుడు ఆయప్పని పిలుచుకున్నింది పాలిచ్చే గొర్రెల ఎనకాల నుంచే. 78వ కీర్తన కడాకర్న ఉండాది, చూడండయ్యా."

పాస్టరుగారు నొచ్చుకోలేదు సరిగదా, ముఖం విప్పారింది. వచ్చే ఆదివారానికి వాక్యం దొరికిందని నాతోనే అన్నారు. బండి పెట్టెలోంచి కూటాల కరపత్రం ఒకటి తీశారు. దానిమీద మంచి కాపరి బొమ్మ చిన్నది, పాస్టరుగారి ఫోటో పెద్దది.

"ఇంత వాక్యం తెలిసినోడివి, మందలో లేకుండా ఇట్ల చెట్లెంబడి పుట్లెంబడి తిరిగితే ఎట్ల పెద్దాయనా? మా గుడికి రా. మాకు ఒక్కొక్క ఆత్మా లెక్కే."

ముసలాయన కరపత్రం రెండు చేతులతో అందుకుని, నాలుగు మడతలు పెట్టి తువ్వాల్లో దోపుకున్నాడు.

"మీ గుడేనయ్యా నాది. కౌండిన్య ఏట్లో నీళ్లొచ్చిన ఏడు నన్ను ముంచి లేపింది గూడా మీరే. పోయిన వానల్లో జారిపడి కాలిరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకోని ఇంట్లో పడుంటి, ఎనకబడిపోతి. మీరు ముందర పోతా ఉంటిరి గదా సామీ, మీకెట్ల కనబడతాది!"