సూర్యలంకలో పెళ్లి హోటలు: నంద్యాల, ఆళ్లగడ్డ అన్నలకు చిట్కాలు

నంద్యాలలో విత్తనాల మీదో, ఆళ్లగడ్డలో కాంట్రాక్టుల మీదో నాలుగు డబ్బులు మిగిలాయా అన్నా? ఇంకో కల్యాణ మండపం కట్టి ఏం సుఖం? బాపట్ల పక్కన సూర్యలంకలో ఇరవై గదుల హోటలు కట్టండి, ఇసుక మీద పెళ్లిళ్లు చేయించండి. నంద్యాల, బాపట్ల జిల్లాలు రెండూ 2022 ఏప్రిల్ 4నే పుట్టాయి. జాతకాలు కలిసినట్టే.

స్థలం నీళ్లకు ఎంత దగ్గరైతే అంత మంచిది. అల వచ్చి పెళ్లికూతురు పట్టుచీర అంచు తడపాలి. గ్రామాల తీరంలో పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడదని, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట ఆ దూరం 50 మీటర్లకు తగ్గవచ్చని 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ చెబుతుంది. పట్టించుకోవద్దు. ఇలాంటి నిబంధనలు మీరినందుకే కొచ్చి దగ్గర మరడులో 2020 జనవరిలో నాలుగు అపార్టుమెంటు సముదాయాలను మందుపెట్టి పేల్చేశారు. దేశమంతా టీవీలకు అతుక్కుపోయి చూసింది. అంత ప్రచారం డబ్బు పెట్టి కొనగలరా?

గదులు ఇరవైకి మించొద్దు. చిన్నగా, ముద్దుగా ఉండాలి. పత్రికలు మాత్రం మనవైపు పద్ధతిలోనే పదిహేను వందలు పంచండి. జనం గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు దాటి రైలు దిగి, మళ్లీ బాపట్ల బండెక్కి వస్తారు. వచ్చినోళ్లకు విడిది ఎక్కడని అడిగే పెద్దమనుషులకు సముద్రం చూపించండి. అహోబిలం నరసింహస్వామికి ఈ తెలివి లేక, కనుమ నాడు కొండ దిగి, తన పెళ్లికి రమ్మని నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు, అదే పార్వేట. పార్వేట పల్లకి వాకిట్లోకే వస్తుంది కాబట్టి ఆళ్లగడ్డ ముసలమ్మలు గడప దాటకుండానే పిలుపు అందుకుంటారు. మీరు దేవుడికంటే పెద్దోళ్లు, జనమే మీ దగ్గరికి రావాలి.

మండపం వెనక సూర్యుడు సముద్రంలో మునుగుతున్న ఫోటో పడేలా వేదిక కట్టమనండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ అందులో మునగడని ఇంజినీరు గొణుగుతాడు. ఆ బొమ్మ గోవాది అంటాడు. ఆయన్ను మార్చండి. అయినా మన ముహూర్తం అర్ధరాత్రి రెండు గంటలకు పడితే వెనక ఏముందో ఎవడికి కనిపిస్తుంది? నల్ల గుడ్డ కట్టినా ఒకటే. ఈ మాట మాత్రం బుకింగు రోజున చెప్పకండి. హోమగుండం గాలికి ఎదురుగా పెట్టండి, పురోహితుడికి మంత్రాల మధ్య పని దొరుకుతుంది.

వంటశాల సంగతి చివర చూసుకుందాం అనుకోవడమే ఉత్తమం. గదులు, వేదిక, ఈతకొలను, సెల్ఫీ మూల అన్నీ గీసేశాక మిగిలిన ముక్క వంటమాస్టరుకు ఇవ్వండి. ఇసుకలో గాడిపొయ్యి తవ్వితే గట్లు నిలవవు, అది ఆయన బాధ. తీరంలో పగలు సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి గాలి వీస్తుంది. కాబట్టి వంటశాల మండపానికి ముందు పెట్టినా వెనక పెట్టినా ఏదో ఒక పూట పొగ పెళ్లివారి కళ్లలోకి పోతుంది. పక్కకు జరిపితే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు, అక్కడ సెల్ఫీ మూల ఉంది.

నీళ్లకు లోతుగా బోరు వేసి, పెద్ద మోటారు బిగించి రాత్రింబవళ్లు లాగండి. ఇసుకలో మంచినీళ్లు పైపైన పలుచగా, ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. అందుకే అక్కడి రైతులు లోతు తక్కువ దొరువులు తవ్వి చేదుకునేవారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ దొరువునే మెరుగుపరిచి, పై నీటిని మాత్రమే తోడే పద్ధతి తయారు చేశారు. మీకెందుకు ఆ నిదానం? గట్టిగా లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది, చారులో ఉప్పు ఖర్చు కలిసొస్తుంది.

ఆళ్లగడ్డలో ఇంటి దగ్గరే శిల్పులు ఉన్నారు, రాయి చెక్కి దూర రాష్ట్రాలకు పంపుతారు. వాళ్ల దగ్గరికి పోవద్దు. ద్వారాలు, కమ్మీలు, మెట్ల రెయిలింగు అన్నీ ఇనుముతోనే చేయించండి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, కాంక్రీటు లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే పెచ్చులు రాలతాయి. పెళ్లిలో అక్షింతలతో పాటు పెచ్చులూ పడితే నిండుగా ఉంటుంది.

డ్రోను తప్పనిసరి. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, క్షిపణులు పేల్చి పరీక్షించే చోటు. ఎవరినీ అడగకుండా ఎగరేయండి, పాపం వాళ్లకూ గురి చూసుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఇక నెలలు. కార్తీకం, మార్గశిరం నిండా బుక్ చేయండి, ముహూర్తాలు బాగుంటాయి. తుఫాన్లకూ అవే నెలలు నచ్చుతాయి: మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. దానికోసం లోపల మరో హాలు కట్టి డబ్బు దండగ చేయొద్దు. ఆడపిల్ల తండ్రి దగ్గర అడ్వాన్సు మొత్తం ముందే తీసుకోండి, గాలివాన వస్తే పైసా కూడా తిరిగిచ్చేది లేదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో అచ్చు వేయించండి. ఆయన కూడా నంద్యాలవాడే అయితే మాత్రం కొన్నాళ్లు ఊరికి రాకండి అన్నా.