మాత్రల కోసం వెళ్తే మాత్రికలు

నేను బైపీసీ తీసుకున్నది జీవకోటి మీద ప్రేమతో కాదు, లెక్కల భయంతో. ఈ సంగతి మా నాయనమ్మకి తెలియదు. మనవడు డాక్టరైపోతాడని ఊళ్లో కనపడినవాళ్లందరికీ చెప్పి, తన మోకాళ్ల నొప్పుల్ని అప్పుడే నా పేరున రిజర్వు కూడా చేసేసింది. నిజమేమిటంటే, 2016లో పదో తరగతి లెక్కల పరీక్ష రాసి బయటికొచ్చి, స్కూలు ముందు వేపచెట్టు కింద నిలబడి, ఇక ఈ జన్మలో ఎక్స్ విలువ కనుక్కోనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఎక్స్ ఎక్కడున్నా చల్లగా ఉండాలి. వెతకమని మాత్రం నన్నడగొద్దు.

మన దగ్గర ఇంటర్ అంటే అన్నదమ్ముల పంపకం లాంటిది. లెక్కలొచ్చినవాళ్లు ఎంపీసీ వైపు, బొమ్మలొచ్చినవాళ్లు బైపీసీ వైపు. నేను రెండేళ్లపాటు బొద్దింక నోటి భాగాలు గీస్తూ హాయిగా బతికాను. ఫిజిక్సులో అప్పుడప్పుడూ లెక్కలు తొంగిచూసేవి గానీ, సూత్రం బట్టీపట్టి అంకెలు పడేస్తే వచ్చిన దారినే పోయేవి.

తర్వాత నీట్ రాశాను. ఆ ర్యాంకు ఇక్కడ చెప్పను. అది చదవాలంటే స్థానవిలువలు బాగా రావాలి. ఎంసెట్ పుణ్యమా అని గుంటూరు వైపు ఒక కాలేజీలో బీఫార్మసీ సీటొచ్చింది. నాయనమ్మ ఏమాత్రం తడబడలేదు. "డాక్టరుదేముంది, రాసి పారేస్తాడు. చేతిలో పెట్టేవాడే గొప్ప" అని ఊళ్లో మాట మార్చేసింది.

2018లో కాలేజీలో అడుగుపెట్టిన మొదటి రోజు నోటీసు బోర్డు మీద టైంటేబుల్ చూశాను. అనాటమీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, ఫార్మాస్యూటిక్స్ ఉంది. వాటి మధ్య, పెళ్లి భోజనాల్లో అప్పులవాడు కూర్చున్నట్టు, 'రెమెడియల్ మ్యాథమెటిక్స్' అని ఉంది. పాపం ఎవరో పొరపాటు చేశారనుకుని ఆఫీసుకెళ్లాను.

"సార్, పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీ టైంటేబుల్ మన బోర్డు మీద పడిందండీ."

క్లర్కుగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "బైపీసీయా?"

"అవునండీ."

"అయితే నీకే."

ఆ ఏర్పాటు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారిది. ఇంటర్లో లెక్కలు చదవకుండా వచ్చినవాళ్లకి మొదటి సెమిస్టర్లోనే ముప్పై గంటల లెక్కలు, ఆరు గంటల చొప్పున అయిదు యూనిట్లు. పాక్షిక భిన్నాలు, సంవర్గమానాలు, అవధులు, మాత్రికలు, అవకలనం, సమాకలనం, చివర్లో లాప్లాస్ పరివర్తన. ఎంపీసీవాళ్లు రెండేళ్లు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టిన పిండితో మేము ముప్పై గంటల్లో దోసెలు పోయాలి.

అయితే కౌన్సిల్‌వారు పక్షపాతులు కారు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకి రెమెడియల్ బయాలజీ పెట్టారు. మేం మాత్రికల ముందు ఏడుస్తుంటే, కారిడార్ అవతల వాళ్లు ఆకు మధ్యచ్ఛేదం ముందు ఏడ్చేవాళ్లు. నా రూమ్మేటు ఎంపీసీవాడు. ఇంటర్లో సమాకలనాన్ని సినిమా పాట పాడుకున్నట్టు చేసిన మనిషి, హాస్టల్లో రాత్రి పదింటికి తెల్ల కాగితం ముందు కూర్చుని "మామా, కప్పకి మెడ ఉంటుందా?" అని అడిగాడు. ఆ క్షణంలోనే మా మధ్య ఒప్పందం కుదిరింది. వాడి బొమ్మలు నావి, నా లెక్కలు వాడివి.

మాకు చెప్పే సార్ నిజంగానే ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చేవారు. మొదటి క్లాసులో మా మొహాలు చూసి, సుద్దముక్క కింద పెట్టి, "భిన్నాల కూడిక తెలుసా?" అన్నారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఆ చూపుని జవాబుగా స్వీకరించారు. రెండో వారం మాత్రికలు మొదలుపెట్టారు. మందుబిళ్లల్ని మాత్రలంటారు కదా, వాటికోసం వచ్చినవాడికి మాత్రికలు తగలడం ఒక్క తెలుగులోనే సాధ్యం. అడ్డంగా మూడు, నిలువుగా మూడు, అటూ ఇటూ బ్రాకెట్టు. నాకది మాత్రలు పెట్టే రేకులాగే కనిపించింది. ఒకదాన్ని ఇంకోదానితో గుణించాలంటే దీని అడ్డవరసని దాని నిలువు వరసతో గుణించాలట. ఎందుకని అడిగితే సార్ "అది అంతే" అన్నారు. బయాలజీ కూడా సరిగ్గా ఇలాగే ఉండేది కాబట్టి, ఆరోజు కాస్త సొంత ఊళ్లో ఉన్నట్టనిపించింది.

నాకు మొదటిసారి లెక్క అర్థమైంది క్లాసులో కాదు, ఆవకాయ జాడీ దగ్గర.

దసరా సెలవులయ్యాక అమ్మ రెండు కిలోల జాడీ కట్టిచ్చింది. రూములో నలుగురం. మొదటి రోజు జాడీ నిండుగా ఉంది కాబట్టి నలుగురూ దర్జాగా గరిటెలతో వేసుకున్నారు. నాలుగు రోజులకి సగమైంది. సగమయ్యేసరికి అందరికీ కాస్త భయం పట్టుకుని చెంచాలకి దిగారు. ఇంకో నాలుగు రోజులకి మిగిలినదాంట్లో సగం పోయి అరకిలో మిగిలింది. తర్వాత వేలితో నాకడం మొదలైంది. ఇరవయ్యో రోజుకి జాడీ అడుగున అరవై గ్రాముల చిల్లర, అది కూడా ఎక్కువ భాగం మెంతులూ మామిడి టెంకలూ.

రూమ్మేటు జాడీలోకి తొంగిచూసి, "ఒరేయ్, ఇది ఫస్ట్ ఆర్డర్ కదరా" అన్నాడు.

అంతే. ఎంత ఉంటే అంత జోరుగా తగ్గడం, తగ్గేకొద్దీ తగ్గే జోరు కూడా తగ్గడం. ఒంట్లోకి వెళ్లిన మందుల్లో చాలావాటి కథ ఇదే. పారాసిటమాల్‌కి సుమారు రెండు మూడు గంటల్లో సగం ఖర్చైపోతుంది, మా ఆవకాయకి నాలుగు రోజులు. దాన్నే అర్ధాయువు అంటారు. అయిదు అర్ధాయువులు గడిస్తే మూడు శాతం మిగులుతుంది, ఇక మందు పోయినట్టే అని పుస్తకం చెబుతుంది. మా జాడీ కూడా అయిదుసార్లు సగమయ్యాకే కడగడానికి వెళ్లింది. ఇక మెస్సులో సాంబారుంది. గంగాళంలో ఎంతున్నా మనిషికి ఒకటే గరిటె, బతిమాలినా అంతే. అది జీరో ఆర్డర్. తాగినవాడి ఒంట్లో మద్యాన్ని కాలేయం ఇదే పద్ధతిలో, గంటకింత అని, మెస్సు వంటవాడి మొహం పెట్టుకుని తీసేస్తుంది. ఈ రెండు పోలికలూ పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారో లేదో అడిగాను. సార్ వద్దన్నారు.

సంవర్గమానాల గురించి ఎక్కువ చెప్పను. 1614లో జాన్ నేపియర్ వాటిని అచ్చేసింది గుణకారాల బాధ తగ్గించడానికట. ఆయన ఉద్దేశం మంచిదే. డెన్మార్కులో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ కొలతని కనిపెట్టి, ఆ సంవర్గమానాన్ని తెచ్చి మన కడుపులో పెట్టాడు. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. రక్తానికి 7.4, కడుపులో ఆమ్లానికి 1.4 వేసుకుంటే తేడా ఆరు అనిపిస్తుంది, తీరా చూస్తే పది లక్షల రెట్లు. చూడటానికి చిన్నగా ఉండి, విప్పితే కొంప ముంచేది సంవర్గమానమొక్కటే కాదు, హాస్టల్ ఫీజు రసీదులో 'ఇతరములు' అనే గడి కూడా.

సమాకలనం దగ్గర నాకు అండగా నిలిచింది మా ఊరి సర్వేయరు. వంకర పొలాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా ఎన్ని సెంట్లో తేల్చి కూడేవాడు. రక్తంలో మందు ఎంతసేపు ఎంతుందో గీసిన గీత కింద వైశాల్యం కూడా అలాగే కడతారు, సమలంబ చతుర్భుజాలుగా కోసి. 1994లో డయాబెటిస్ కేర్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధకురాలు సరిగ్గా ఇదే పద్ధతిని కొత్తగా కనిపెట్టినట్టు తన పేరు పెట్టి అచ్చేశారు. ఇది ఎప్పటినుంచో ఉన్నదేనండీ అని కొందరు ఉత్తరాలు రాశారు. అయినా ఆ వ్యాసాన్ని వందలమంది ఉదహరించారు. ఈ సంగతి తెలిసినరోజు నేను రెండు పూటలా తృప్తిగా భోంచేశాను. లెక్కలు ఎగ్గొట్టింది నేను ఒక్కణ్ణే కాదు, అంతర్జాతీయంగా ఉన్నాం.

అవధి మాత్రం ఎంతకీ లొంగలేదు. "దగ్గరికి పోతూనే ఉంటుంది, చేరదు" అంటారు సార్. మా ఊరి పల్లెవెలుగు బస్సుకి తప్ప ఈ లోకంలో మరి దేనికీ ఆ లక్షణం లేదనుకున్నాను. అదే వారం ఫార్మాస్యూటిక్స్‌లో పిల్లల మోతాదు లెక్కలు వచ్చాయి. యంగ్ సూత్రమని ఒకటుంది. పిల్లవాడి వయసుని, వయసుకి పన్నెండు కలిపినదానితో భాగించి, పెద్దల మోతాదుతో గుణించాలి. ఆరేళ్లవాడికి పద్దెనిమిదిలో ఆరు, అంటే మూడో వంతు. కాంతి అలలా ప్రయాణిస్తుందని ప్రయోగం చేసి చూపించిన థామస్ యంగే దీన్నీ చెప్పాడు. ఇప్పుడు డాక్టర్లు బరువుని బట్టి ఇస్తారు, ఈ సూత్రం పరీక్షలకే మిగిలింది.

పని లేక నా వయసు వేసి చూశాను. పద్దెనిమిది బై ముప్పై, అరవై శాతం. పోనీ నాన్నకి? నలభై ఎనిమిది బై అరవై, ఎనభై శాతం. డెబ్బై ఎనిమిదేళ్ల నాయనమ్మకి ఎనభై ఏడు. నూరేళ్లు బతికినా ఎనభై తొమ్మిదే. ఎంత బతికినా ఒకటికి చేరువవుతామేగానీ ఈ సూత్రం ఎవణ్ణీ పెద్దవాణ్ణి కానివ్వదు. పేరుకి తగ్గట్టే యంగ్. ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అవధి అంటే ఇదన్నమాట! దాని పక్కనే డిల్లింగ్ సూత్రం, వయసుని ఇరవైతో భాగించడమే. దాని ప్రకారం నాయనమ్మకి పెద్దవాళ్లకిచ్చే మోతాదుకి దాదాపు నాలుగు రెట్లు ఇవ్వాలి. ఆ సూత్రానికి హద్దూ పద్దూ లేదు.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. "నాయనమ్మా, లెక్క ప్రకారం మీ అబ్బాయి ఇంకా ఎనభై శాతమే పెద్దవాడయ్యాడట."

"ఎనభయ్యా?" అంది. "ఎవడ్రా అంత ఉదారంగా వేసింది?"

పరీక్ష ముప్పై అయిదు మార్కులకి, గంటన్నర. ఇంటర్నల్స్ పదిహేను. మొత్తం యాభైలో సగమొస్తే గట్టెక్కినట్టు. నాకు ఇరవై ఏడొచ్చాయి. లాప్లాస్ ప్రశ్నకి సమాధానం ఏం రాశానో లాప్లాస్‌కి కూడా తెలియదు. రూమ్మేటు కప్పకి మెడ లేకుండా గీసి బయటపడ్డాడు.

ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో చేస్తున్నాను. కిడ్నీ పనితీరుని బట్టి మోతాదు తగ్గించాల్సినప్పుడు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన సూత్రం వాడతాం. అది నూటనలభైలోంచి వయసు తీసివేయడంతో మొదలవుతుంది. నాయనమ్మకిప్పుడు ఎనభై అయిదు. ఇంకా యాభై అయిదు మిగిలాయని చెబితే, "అన్నేళ్లు ఈ మోకాళ్లతోనా?" అని నన్నే తిట్టింది.

మొన్న సంక్రాంతికి నాకు పెళ్లిచూపులు. అబ్బాయి వయసెంతని అమ్మాయివాళ్ల మేనమామ అడిగాడు. ఇరవై అయిదండీ అన్నాను. కింద ముప్పై ఏడు ఉందని చెప్పలేదు.