చాచిన చేతిలో కొలబద్ద: ఒక పెన్సిలు ఆత్మకథ

బొమ్మలు గీసే పెన్సిలు బతుకులో కాగితాన్ని తాకిన సమయం తక్కువ, గాలిలో నిలిచిన సమయం ఎక్కువ. ఎదుట ఉన్న గోపురాన్నో, గాజు బీరువాలోని జింకనో చూస్తూ గీసేవారు చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలత పట్టి, ఆ తరువాతే కాగితం మీదికి వంగుతారు కాబట్టి, పెన్సిలు మొదట కొలబద్ద, తరువాతే కలం. ఈ ఆత్మకథ శంషాబాదు విమానాశ్రయానికి పొరుగున ఉన్న మామిడిపల్లిలో, లలితకళల కళాశాల ప్రవేశ పరీక్షకు సాధన చేస్తున్న ఒక విద్యార్థిని సంచిలో ఉండే 4బి పెన్సిలుది. అది తన గురించి చెప్పుకోదలచినదంతా ఈ రెండు పనుల చుట్టూ తిరుగుతుంది. అందులోనూ మొదటి పనికే పెద్దపీట వేస్తుంది.

పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పిల్లలు ముల్లు అని పిలిచే నల్లని పుల్లలో సీసం ఉండదు; కర్బనానికి ఒక రూపమైన గ్రాఫైటును పొడి చేసి, మెత్తని బంకమట్టితో కలిపి, సన్నని కడ్డీలుగా తీసి, కొలిమిలో కాల్చితే ఆ ముల్లు తయారవుతుంది. ఇంగ్లండుతో యుద్ధం వల్ల ఫ్రాన్సుకు మేలిరకం గ్రాఫైటు అందని రోజుల్లో నికొలా జాక్ కాంటే ఈ పద్ధతిని రూపొందించి 1795లో దానిపై హక్కు పొందాడు. మట్టి పాలు పెరిగితే ముల్లు గట్టిపడి గీత లేతగా పడుతుంది, గ్రాఫైటు పాలు పెరిగితే ముల్లు మెత్తబడి గీత నల్లగా పడుతుంది. గట్టివాటికి హెచ్ అనీ, మెత్తవాటికి బి అనీ పేర్లు. 4బి ముల్లు తేలిగ్గా పట్టుకుంటే పొగమంచంత పలుచగాను, ఒత్తి పడితే గుహలోపలంత నల్లగాను గీస్తుంది కనుక, ఒక్క పెన్సిలుతోనే బొమ్మ ముగించవలసిన చోట చాలామంది గురువులు దీన్నే చెబుతారు. భారతదేశంలో తయారయ్యే పెన్సిళ్ల చెక్కలో పెద్ద భాగం కశ్మీరులోని పుల్వామా ప్రాంతపు పాప్లర్ చెట్లది. పలకలో గాడి తీసి, ముల్లు పడుకోబెట్టి, పైన మరో పలక అతికించి కోస్తారు; ఆరు పలకలుగా చెక్కితే బల్ల మీద దొర్లదు.

కొలత పట్టే పద్ధతికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటి తప్పినా బొమ్మ అంతా తప్పుతుంది. మోచేయి వంగకుండా చేయి పూర్తిగా చాచాలి, ఎందుకంటే మోచేయి కొంచెం ముడిచినా పెన్సిలు కంటికి దగ్గరై, అదే వస్తువు ఇందాకటి కంటే చిన్నదిగా కొలతకు వస్తుంది. ఒక కన్ను మూయాలి, లేకుంటే పెన్సిలు రెండుగా కనిపిస్తుంది. పెన్సిలు కొనను వస్తువు పై అంచుకు ఆనించినట్టు పట్టి, బొటనవేలిని కిందికి జరిపి, కింది అంచు దగ్గర ఆపితే, కొనకూ వేలికీ మధ్య ఉన్న పొడవు ఒక ప్రమాణం అవుతుంది. ఆ ప్రమాణం పక్కనున్న వాటిలో ఎన్నిసార్లు పడుతుందో చూడటమే అసలు పని. ఇది అంగుళాల కొలత కాదు, ఒకదానితో ఒకటి పోల్చే కొలత. తలుపు ఎత్తు గోడ ఎత్తులో ఎన్నో వంతు, మెడ పొడవు ముంగాలి పొడవుకు ఎంత అన్న ప్రశ్నలకు మాత్రమే అది జవాబు చెబుతుంది, ఆ జవాబులే పోలికను తెస్తాయి. దూరంగా వెళ్లిపోతున్న గోడ వాలును పట్టేటప్పుడు మాత్రం కొత్తవారి చేయి ఒక పొరపాటు తప్పక చేస్తుంది: గోడతో పాటు పెన్సిలును కూడా లోపలికి వంచుతుంది. ఎదుట ఒక అద్దం నిలబెట్టి ఉందనుకొని, పెన్సిలు ఆ అద్దానికి అతుక్కునే తిరగాలి తప్ప లోపలికి పొడుచుకుపోకూడదు.

మామిడిపల్లిలో ఈ సాధనకు మొదటి వస్తువులు రాళ్లు. పహాడీ షరీఫ్ గుట్ట నుంచి శంషాబాదు దాకా ఉన్న నేల గ్రానైటు నేల. ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు ఇక్కడ ఇళ్ల వెనకా, రోడ్ల పక్కనా కనిపిస్తాయి. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి తలపై నుంచి విమానాలు దిగుతూనే ఉన్నాయి, బండలు తరుగుతూనే ఉన్నాయి, అందువల్ల ఈ ప్రాంతపు బండలను గీసి పెట్టుకోవడం సాధనతో పాటు ఒక బాధ్యత కూడా. బండకు కన్ను, ముక్కు లేవు కాబట్టి గీసేవారు ముందుగా తెలిసిన రూపాన్ని దానిపై రుద్దలేరు. ఉన్న వంపునే చూడాలి. రెండు బండల నడుమ కనిపించే ఆకాశపు ముక్క ఆకారాన్ని ముందు గీస్తే, బండల అంచులు వాటంతటవే కుదురుతాయి. ఇలా వస్తువును వదిలి దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయడాన్ని కళాశాలల్లో నెగటివ్ స్పేస్ అంటారు.

శంషాబాదు దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఆ తరువాతి పాఠం. సినిమాల్లో చాలామంది చూసిన ఆ గోపురంలో పైకి పోయే కొద్దీ ప్రతి అంతస్తు కింది దానికంటే వెడల్పులోనూ ఎత్తులోనూ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది కంటికి వదిలేస్తే, మనసు అంతస్తులన్నిటినీ సమానం చేసి పెడుతుంది, కాగితం మీద గోపురం మెట్ల వరుసగా మారిపోతుంది. పెన్సిలును నిలువుగా పట్టి, కలశం నుంచి ద్వారం నడిమి దాకా ఒక గీత ఊహించుకొని, దానికి రెండు వైపులా అంచులు ఎంతెంత దూరంలో ఉన్నాయో పోల్చినప్పుడే గోపురం నిటారుగా నిలుస్తుంది. ఎదుట ఉన్న కోనేటి మెట్లు దీనికి తిరగబడిన పాఠం: దగ్గరి మెట్టు వెడల్పుగా, దూరపు మెట్టు ఇరుకుగా కనిపించినా, నిజానికి అన్నీ ఒకే కొలతవని తెలిసిన మెదడు చేతిని పక్కకు లాగుతుంది. చేతి నైపుణ్యం లేక బొమ్మ చెడటం అరుదు. తెలిసినదాన్ని చూసినదానిగా భ్రమపడటమే చాలా బొమ్మలను చెడగొడుతుంది. గాలిలో పెన్సిలు చేసే పని ఆ భ్రమను ఆపడమే.

జంతువుల సాధనకు మామిడిపల్లి నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా బహదూర్‌పురా చేరాలి. 1963లో ప్రజలకు తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ప్రాణమున్న జంతువులూ ఉన్నాయి, ఒక ప్రకృతి చరిత్ర మ్యూజియమూ ఉంది. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం సాధకులకు గొప్ప వరం. బోనులోని చిరుత ఒక్క చోట నిలవదు కాబట్టి దాని భంగిమను కొన్ని క్షణాల్లో నాలుగైదు గీతల్లో పట్టుకోవాలి, అక్కడ పెన్సిలు కొలబద్దగా పనికిరాదు. మ్యూజియంలో నిలబెట్టిన జంతువు కదలదు. అక్కడ కొలత పని మొదలవుతుంది. చనిపోయిన జంతువు చర్మాన్ని శుద్ధి చేసి, లోపల సరిపోయే ఆకారాన్ని అమర్చి, బతికి ఉన్నట్టు నిలబెట్టే విద్యను టాక్సిడర్మీ అంటారు. ఆ విద్యలో తయారైన జింకకు ప్రాణమున్న జింక భంగిమ ఎంతవరకు వచ్చిందో ఎదుటి ఆవరణలోకి వెళ్లి వెంటనే సరిచూసుకోవచ్చు. గాజు మీద పడే కిటికీ వెలుగు జంతువు వీపును కప్పేస్తుంటే, కాపలా ఉద్యోగి ఒకరు దగ్గరికి వచ్చి, “బిడ్డా, ఆ మూలకు జరిగి కూసో, వెలుగు అడ్డం రాదు” అని చోటు చూపించిన సంగతి ఈ పెన్సిలుకు మంచి జ్ఞాపకం.

జింక, కుక్క, పులి లాంటి జంతువుల వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును చాలామంది మోకాలు అనుకొని గీస్తారు. అది మడమ. అసలు మోకాలు పొట్ట అంచు దగ్గర, చర్మం మడతలో దాగి ముందుకే వంగుతుంది. జంతువు వేళ్ల మీద నిలబడి నడుస్తుంది కాబట్టి మడమ నేలకు అంత ఎత్తున లేచి ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక, పెన్సిలు కొనను తుంటి దగ్గర పెట్టి, మోకాలిదాకా ఒక ప్రమాణం, మోకాలి నుంచి మడమదాకా ఇంకొకటి, మడమ నుంచి వేళ్లదాకా మరొకటి తీసుకొని పోల్చితే, మేక కాలికీ పులి కాలికీ తేడా ఎక్కడుందో తేలుతుంది. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ గీసిన మేకలు అంత సులువుగా, అంత అల్లరిగా కనిపించడం వెనక పల్లెలో రోజూ చూసిన మేక కాళ్ల ఎరుక ఉంది. చూడటం అంత లోతుగా సాగితేనే గీత అంత స్వేచ్ఛగా నడుస్తుంది.

జంతుశాల పక్కనే మీరాలం చెరువు ఉంది. 19వ శతాబ్ది మొదటి దశకంలో కట్టిన దాని ఆనకట్ట 21 కమానులతో, ప్రపంచంలోని తొలి బహుళ కమానుల ఆనకట్టలలో ఒకటిగా పేరు పొందింది. ఈ కమానులు తలుపుల మీది వాటిలా నిలువుగా లేచినవి కావు; నీటి వైపుకు ఉబ్బి, గోడనే వంపులు వంపులుగా మలిచాయి, నీటి ఒత్తిడి ఆ వంపుల వెంట జారి నడిమి దిమ్మెలకు చేరుతుంది. వాటి వెడల్పులు అన్నీ ఒకటి కావు. ఒక కమానును చూసి మిగతా ఇరవైనీ అలాగే గీసుకుపోయిన బొమ్మ చక్కగా ఉన్నా ఆనకట్టను పోలదు, ఒక్కొక్క కమానుకు పెన్సిలు పైకెత్తవలసిందే.

ఈ పెన్సిలు జీవితంలో అన్నిటికంటే కష్టమైన కొలత నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో ఎదురైంది. అక్కడ నిలబెట్టిన డైనోసారు అస్థిపంజరం కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే జాతిది. ప్రాణహిత, గోదావరి లోయలో కోటా శిలాస్తరాలు అని పిలిచే జురాసిక్ యుగపు రాళ్లలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకల ఆధారంగా భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. దొరికిన ఎముకలు కనీసం 12 జంతువులవి. మనిషి బొమ్మకు తలను ప్రమాణంగా తీసుకొని, నిలబడిన మనిషి ఏడెనిమిది తలల ఎత్తు ఉంటాడని లెక్కించడం కళాశాలల్లో అలవాటు కాబట్టి, విద్యార్థిని కూడా మొదట డైనోసారు తలకే పెన్సిలు గురిపెట్టింది. కానీ ఈ జాతి తవ్వకాల్లో రెండు పళ్లు తప్ప తల భాగం దొరకలేదు. అంటే ఎదుట కనిపించే తల శాస్త్రజ్ఞులు బంధుజాతులను చూసి కట్టిన ఊహ. ఊహను ప్రమాణంగా పెట్టుకుంటే, నేలలో నుంచి వచ్చిన ఎముకలన్నీ ఆ ఊహకు లెక్క చెప్పవలసి వస్తుంది. అందుకని తొడ ఎముకను ప్రమాణం చేసుకొని, మెడ, వీపు, తోక అన్నీ దానితో పోల్చి, చివరకు తలను మాత్రం లేత గీతతో వదిలేయడం జరిగింది. దొరికినదానికి నల్లని గీత, ఊహించినదానికి లేత గీత అన్న ఈ నియమం పుట్టిన మధ్యాహ్నం ఈ పెన్సిలుకు తన జీవితంలోని ఉత్తమ దినం.

కొలిచి గీసిన బొమ్మ అసలు వస్తువు కంటే ఎక్కువ కాలం బతకవచ్చు. 1816లో కాలిన్ మెకంజీ అమరావతి స్తూపం దగ్గరికి తన చిత్రకారులను వెంటబెట్టుకొని వెళ్లే నాటికే రాళ్లు తవ్వుకుపోవడం మొదలై చాలా కాలమైంది. సర్వేయరుగా కొలతకు అలవాటుపడిన మనిషి కాబట్టి, దొరికిన శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే కొన్ని శిల్పాలు నేడు ఏ మ్యూజియంలోనూ లేవు, వాటి ఉనికికి ఆ గీతలే సాక్ష్యం. గీతలకూ గండాలు తప్పవు: రాబర్ట్ గిల్ అజంతా చిత్రాలకు తీసిన నకళ్లలో ఎక్కువ భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి, ఆ తరువాత గ్రిఫిత్స్ బృందం అక్కడే తీసిన నకళ్లలో చాలా భాగం 1885లో అదే నగరంలో కాలిపోయాయి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో భాగం. 1909, 1911 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ మళ్లీ నకళ్లకు పూనుకున్నప్పుడు కలకత్తా నుంచి నందలాల్ బోస్ తదితరులు, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ ఆ గుహల్లో కూర్చుని గీశారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా నకళ్ల గదిలో నిలబడినప్పుడు, ఏనుగు తొండం వంపును మరో చేయి చాచి కొలిచి ఉంటుందన్న సంగతి ఏ పెన్సిలుకైనా తట్టక మానదు. చాలా మ్యూజియంలు సిరాను, రంగునీళ్లను లోనికి రానివ్వవు, వస్తువుపై చుక్క పడితే తుడవలేరు కాబట్టి. పెన్సిలును మాత్రం రానిస్తాయి.

ముల్లు అరిగిన కొద్దీ చెక్కించుకుంటూ వచ్చిన ఈ పెన్సిలు ఇప్పుడు బొటనవేలంత మిగిలింది. కొనకూ వేలికీ మధ్య జరగడానికి చోటు లేక కొలబద్ద పని పూర్తిగా పోయింది, ఇత్తడి హోల్డరులో ఇరికించి నీడలు నింపడానికి మాత్రం వాడుతున్నారు. రాష్ట్ర మ్యూజియం గుమ్మటాల కింది చీకటి అంతా దీని ముల్లే. కొలతకు విద్యార్థిని ఇప్పుడు సైకిలు చక్రపు పుల్ల వాడుతోంది. సన్నగా ఉండటం వల్ల అది వెనకనున్న వస్తువును తక్కువ కప్పుతుంది, తిన్నగా ఉండటం వల్ల వాలును మరింత కచ్చితంగా చూపుతుంది, ఆ విషయంలో పెన్సిలు కంటే అదే మేలు. అయితే పుల్లతో పట్టిన కొలతను కన్ను గుర్తు పెట్టుకొని మరో సాధనానికి అప్పగించాలి, ఆ మార్పిడిలో కొంత జారిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు అదే పెన్సిలుతో కొలిచి, వేలు తీయకుండా కాగితం మీదికి దించి, అక్కడే గుర్తు పెట్టడం మంచిదని ఈ పెన్సిలు అభిప్రాయం. మీరాలం ఆనకట్ట బొమ్మలో ఇంకా ఆరు కమానులకు నీడ వేయవలసి ఉంది.