పలుచన శాస్త్రము

థైరాయిడ్ క్యాన్సరు చికిత్స పొందిన రోగి మూత్రముతో వెలువడు రేడియోధార్మిక అయోడిన్‌ను ఏమి చేయవలెనని బెజవాడ గవర్నర్‌పేటలో ఏ పెద్దమనిషిని అడిగినను, ‘నాలుగు బిందెల నీళ్లు కలిపి వదిలేస్తే సరిపోదుటండీ’ అను ఉత్తరము తడుముకొనకుండ లభించును. ఏలూరు, బందరు, రైవస్ కాలువలను మూడింటిని సర్వపాప ప్రక్షాళనమునకు నియోగించుకొన్న నగరమున ఈ పలుచన శాస్త్రమునకు శిష్యులు కొదవగుదురా?

పాలలో నీరు పోసినవాడు చెంబెడు పాలలోని వెన్నను తగ్గింపగలడే కాని కడవలోని వెన్నను తగ్గింపజాలడు. అయోడిన్ సంగతియు అంతే. కొలతలోని అంకె దిగును, పరమాణువు ఒక్కటియు నశింపదు. పైగా చెదరినదంతయు మరల ప్రోగగుటలో ఈ పదార్థము కడు నేర్పరి. 1986లో చెర్నోబిల్ అణుప్రమాదమున వెలువడిన అయోడిన్‌ను పలుచన చేయుటకు ఆకాశమంతయు పూనుకొనెను. అంతకు మించిన బిందె మన పెద్దమనిషి యింట ఉండునా? అయినను గడ్డిపై పడినదానిని ఆవులు మేసెను, పాలలోనిదానిని బిడ్డలు త్రాగిరి, వారి థైరాయిడ్ గ్రంథులు దానిని భద్రముగ దాచుకొనెను. పిదప ఉక్రెయిన్, బెలారస్ దేశముల బాలలకు క్యాన్సరు సోకెను.

పలుచనకే కాక కాలమునకును లొంగని అయోడిన్ యొకటి కలదు. అణు ఇంధనమునుండి పుట్టు ఆ అయోడిన్-129 అర్ధాయువు 1 కోటి 57 లక్షల సంవత్సరములు. దీనిని వెండి చేర్చిన జియోలైటు వంటి పదార్థములతో పట్టవలె. అయోడైడు రూపమున ఉన్నంతవరకు అది వెండికి చిక్కి కరగని లవణమగును, అయోడేటు వేషము వేసినచో జారిపోవ జూచును. ఫుకుషిమా అణుకేంద్రపు కలుషిత జలమునుండి ట్రిటియము తప్ప తక్కిన రేడియోధార్మిక పదార్థములెల్ల తొలగినవని లోకమును నమ్మించిన విద్యుత్ సంస్థవారు, తొట్లలోని నీటిలో చాలభాగమున అయోడిన్-129 మున్నగునవి పరిమితికి మించియున్నవని 2018లో ఒప్పుకొనవలసివచ్చెను. 2023 ఆగస్టు మొదలు వారును సముద్రజలము కలిపియే వదలుచున్నారుగదా యని మనవారు చంకలు గుద్దుకొనవచ్చును. ఆ కలుపుట వడపోతకు చిక్కని ట్రిటియము నిమిత్తము, వడపోత ముగిసిన పిమ్మట.

మన వైద్యశాలల అయోడిన్-131 ఇంత మొండిది కాదు. అర్ధాయువు 8 దినములు. థైరాయిడ్ క్యాన్సరు రోగికిచ్చిన మోతాదులో అధికభాగము రెండు మూడు దినములలోనే మూత్రమున వెలువడును గనుక, అణుశక్తి నియంత్రణ మండలివారు అట్టి రోగుల వార్డుల మురుగును ప్రత్యేకపు తొట్లలో నిలువయుంచి మరీ వదలుమనిరి. 80 దినములు కదల్పకుండిన చాలును, పదిమార్లు సగమై వెయ్యింట ఒక వంతు మిగులును. మురుగునకు పట్టిన ఇంతటి మహావ్యాధికి కాలయాపనమే ఔషధమైన వేళ, ఒక్క సంతకమునకు ఒక తరమును త్రిప్పగల కార్యాలయములు గల దేశమున, మురుగు విషయమున మాత్రము ‘త్వరగా వదలుడు’ అనువారు బయలుదేరుట జాతి ప్రతిభకే తలవంపు.

కావున నా మనవి యొకటి. ఆ తొట్ల కావలికి మన ప్రభుత్వ కార్యాలయములనుండి అనుభవజ్ఞులైన గుమాస్తాలను రప్పింపుడు. విడుదల పత్రముపై 80 దినములు సంతకము పెట్టకుండుటయే వారి విధి. అలవాటు చొప్పున అది 180 అయినను అయోడిన్‌కు అభ్యంతరముండదు.